నల్ల కళ్ళద్దాల అవ్వలు

ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఎవరింట్లోనైనా డిగ్రీ చదివిన కుర్రాడున్నాడంటే, వాడు సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉండాలి, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళే దారిలోనైనా ఉండాలి. మూడో రకం కుర్రాడు కూడా ఉంటాడంటే లోకం ఒప్పుకునేది కాదు. నేను ఆ మూడో రకం. విజయనగరం వైపు నుంచి వచ్చి, మల్కాజ్‌గిరిలో అక్కాబావల ఇంట్లో మకాం పెట్టి, అందరితో పాటు అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోర్సులో చేరాను. ఆ కంప్యూటర్ భాష నా బుర్రకెక్కే లోపల దానికే కాలం చెల్లిపోయింది. తర్వాత కంప్యూటర్‌లో బొమ్మలు గీసే కోర్సు ఇంకోటి చేసి, ఊళ్ళో ఉన్న కంపెనీల మెట్లన్నీ ఎక్కి దిగి, చివరికి కార్ఖానా అనే పేటలో ఒక బేకరీ పైన రెండు గదుల్లో నడిచే సేవా సంస్థలో తేలాను. ఉద్యోగం పేరు మాత్రం ‘బ్రాండింగ్ అండ్ కమ్యూనికేషన్స్ ఆఫీసర్’. (ఆఫీసులో నేను కాక ఇంకొక్క మనిషే ఉండేవారు. సంస్థంటే ఆయనే.) ఈ పేరు నోరు తిరగక మా అక్క కాలనీ అంతటికీ నాది సాఫ్ట్‌వేరని చెప్పేసింది. అబద్ధం కదా అంటే, “కంప్యూటర్ ముందర కూకుంటావా లేదా? మరింక సాఫ్ట్‌వేరు కాకపోతే ఏటది?” అని నా నోరు మూయించింది.

సంస్థ చేసే పని చాలా మంచిది. శుక్లాలొచ్చి చూపు మందగించిన బీద ముసలివాళ్ళని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ఉచితంగా ఆపరేషన్ చేయించి, నల్ల కళ్ళద్దాలు పెట్టించి, మళ్ళీ జాగ్రత్తగా ఇళ్ళ దగ్గర దించడం. దీన్నంతా ఒంటి చేత్తో నడిపే పెద్దాయన రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. అందరూ టీసీ సార్ అనేవారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఆఫీసులోకి ఎవరొచ్చినా ముందు చెయ్యి చాచేవారు, టికెట్ కోసం అన్నట్టు. రేపు రావయ్యా అనకుండా రేపు ‘రిపోర్ట్ చెయ్’ అనేవారు. ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగేవారు కాదు, ఎంత లేటని అడిగేవారు.

ఈయనకున్న దిగులల్లా బండి గురించే. ఆపరేషన్ అయిన ముసలివాళ్ళని అద్దెకు తెచ్చిన సెవెన్ సీటర్ ఆటోలో తీసుకొచ్చేవారు. ఆ ఆటోకి మన రోడ్లంటే ఎంత ఇష్టమో, ప్రతి గుంతనీ పలకరించి గానీ కదిలేది కాదు. కంటికి కట్టుతో అవ్వలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే, టీసీ సార్ డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చుని, “మెల్లగ పోనియ్! కన్నులు తెస్తున్నవురా, కందిపప్పు కాదు!” అని దారి పొడుగునా అరిచేవారు. అటువంటి సమయంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సేవా విభాగం వాళ్ళు, మీ పని నచ్చితే వ్యాన్ ఇచ్చే ఆలోచన చేస్తామన్నారు. కాకపోతే సంస్థకి ‘ఆన్‌లైన్ ప్రెజెన్స్’ ఉండాలన్నారు. ఆ మాటకు అర్థం కనుక్కునే ప్రయత్నంలోనే టీసీ సార్ నన్ను పెట్టుకున్నారు. మొదటి రోజే సంగతి తేల్చి చెప్పేశారు: “జూడు బాబూ. వ్యాన్ వస్తే నువ్వుంటవ్. రాకుంటే నీ స్టేషన్ వచ్చినట్టే, దిగిపోవుడే.” దిగితే ఎక్కడికి వెళ్ళాలో నాకు బాగా తెలుసు. బొబ్బిలిలో మా మావయ్య సిమెంటు కొట్టులో నాకోసం ఒక కుర్చీ తుడిచి పెట్టి ఉంచారు. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు దగ్గొచ్చేది.

ముందు లోగో దగ్గర మొదలుపెట్టాను. నేనొక కన్ను, దాని మీద ఒక గీత, అంతే గీశాను. విదేశాల్లో ఇలాగే ఉంటాయని చెప్పాను. టీసీ సార్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇండ్ల ఇంజన్ ఏదీ?” అన్నారు. కళ్ళ ఆపరేషన్‌కి ఇంజన్ ఎందుకు సార్ అంటే, “గా ఇంజనే నాకు నలభై ఏండ్లు అన్నం పెట్టింది. దాన్ని మరుస్తనా?” అని గద్దించారు. సరే, ఇంజన్ ముందున్న లైటు కన్ను అయ్యింది. తర్వాత సిగ్నల్ దీపం చేరింది. తర్వాత పావురం. తర్వాత ఒక పువ్వు. చివరికి ఆ లోగో చూసిన బేకరీ ఆయన, కొత్త రైలు ఎప్పట్నుంచి సార్, ఎక్కడ ఆగుతుంది అని అడిగాడు.

అప్పట్లో కుర్రకారంతా ఒక స్నేహాల సైటులో కాపురం ఉండేది. ఒకరి గోడ మీద ఒకరు కబుర్లు రాసుకోవడం, బృందాలు పెట్టుకోవడం, చూసినవాళ్ళని లెక్కెట్టుకోవడం. అందులో సంస్థ పేరున ఒక బృందం తెరిచాను. టీసీ సార్‌కి ఇది వెంటనే అర్థమైపోయింది, కాకపోతే ఆయన పద్ధతిలో. పొద్దున్నే వచ్చి, “ఎంతమంది ఎక్కిండ్రు?” అనేవారు. ఇద్దరు చేరారు సార్ అంటే, “ఎవ్వలన్న దిగిండ్రా?” ఆ ఇద్దర్లో ఒకడు నేను, ఇంకొకడు నా దొంగ పేరుతో నేనే అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

జనం చేరాలంటే ఏం చెయ్యాలని నేను సైబర్ కేఫ్‌లో కూర్చుని విదేశీ సేవా సంస్థల పేజీలన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ ఒకటే కిటుకు కనిపించింది. ఒక పెద్ద మొహం. చిరిగిన బట్టలు. కెమెరాలోకి సూటిగా చూసే కళ్ళు. ఆ కళ్ళ నిండా బాధ. కింద గుండెను పిండే ఒక్క వాక్యం. చూడగానే చందా ఇవ్వకపోతే మనిషి జన్మే కాదనిపించేలా ఉంటుంది. నాకు ఒళ్ళు పులకరించింది. అక్కడికక్కడే వాక్యం రాసేశాను: ‘చీకటిలో మగ్గుతున్న ఈ నిరుపేద తల్లుల కన్నీరు తుడవండి.’ టీసీ సార్ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, “మస్తు రాసినవ్‌రా” అన్నారు. అంతటితో ఊరుకోకుండా ఆ మధ్యాహ్నమే ఫ్లెక్సీ కొట్టే షాపుకి వెళ్ళి, మధ్యలో ఫోటోకి చోటు వదిలి, ఆ వాక్యాన్ని అచ్చు వేయించేశారు. ఇక మిగిలింది ఫోటో.

మల్కాజ్‌గిరిలో రైలు పట్టాల పక్కన ఒక బస్తీ ఉండేది. మేం ఆపరేషన్లు చేయించిన అవ్వలు చాలామంది అక్కడివాళ్ళే. వాళ్ళందరికీ నాయకురాలు పాన్ అవ్వ. ఆవిడ నోట్లో పాన్ లేని క్షణం ఆవిడ నిద్రపోతున్న క్షణం ఒక్కటే. (అదీ నమ్మకంగా చెప్పలేను.) నేను వెళ్ళి, “అవ్వా, రేపు మీ అందరి ఫోటో తీస్తాను. కంప్యూటర్‌లో పెడతాను” అని చెప్పి వచ్చాను. ముందు రోజు చెప్పడం ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు అదే మర్యాద అనుకున్నాను.

మర్నాడు కెమెరా మెళ్ళో వేసుకుని బస్తీలో అడుగుపెడితే, తప్పు గల్లీలోకి వచ్చాననుకున్నాను. పెళ్ళి జరుగుతున్నట్టుంది. గోడవారగా అవ్వలందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ పట్టుచీరలు, ఎర్ర పట్టుచీరలు, కొప్పుల్లో కనకాంబరాలు, మోచేతుల దాకా గాజులు, మెడ దాకా పౌడరు. అందరి కళ్ళకీ ఆసుపత్రి వాళ్ళిచ్చిన నల్ల కళ్ళద్దాలు. మధ్యలో పాన్ అవ్వ, మెళ్ళో రెండు పేటల బంగారు గొలుసుతో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఏదో ముఠా నాయకురాలు పంచాయితీ తీర్చడానికి వచ్చినట్టుంది.

“అవ్వా, ఇదేమిటి? రోజూ ఎలా ఉంటారో అలా ఉంటే చాలు కదా!” అన్నాను.

“రోజు ఉండేటట్టు ఉంటే ఫోటో ఎందుకు బిడ్డా? రోజు జూస్తనే ఉంటరు గద!” అంది పాన్ అవ్వ.

దీనికి జవాబు నా కోర్సులో చెప్పలేదు. ఎలాగోలా ఒక్క బాధ పడే మొహమైనా దొరికితే చాలని, “అవ్వా, కెమెరాలోకి చూడండి, కళ్ళలో బాధ కనబడాలి” అన్నాను. నల్లద్దాల వెనకాల కళ్ళున్నాయో లేవో కూడా కనబడటం లేదు. పోనీ అవి తీయమంటే, నాతో వచ్చిన టీసీ సార్ ఇంతెత్తున లేచారు. “దుమ్ము వడ్తది! డాక్టర్ ఏమన్నడు? అద్దాలు తీసే సవాలే లేదు!” సరే, నోటితోనైనా బాధపడమని బతిమాలాను. పాన్ అవ్వ మూతి రెండు వైపులా కిందికి లాగి, కాసేపు అలా ఉంచి, “ఎవ్వలు సచ్చిండ్రని గిట్ల?” అని అడిగింది. ఏదైనా బాధాకరమైన సంగతి గుర్తు తెచ్చుకోమన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఎప్పుడో తప్పిపోయిన మేకపిల్లని గుర్తు తెచ్చుకుని నిజంగానే బావురుమంది. నేను సంతోషంగా కెమెరా ఎత్తేసరికి టీసీ సార్ మా మధ్యకి దూకారు. “ఏడ్వకు! ఆపరేషన్ కన్ను! ఏయ్, కెమెరా దించు! చుక్కల మందేదీ?” అంటూ ఆయన సంచీ వెతుక్కుంటుంటే, మిగతా అవ్వలు మేక దొరికిందనీ, హాయిగా ఉందనీ, పిల్లల్ని పెట్టిందనీ పాన్ అవ్వకి అబద్ధాలు చెప్పి ఊరుకోబెట్టారు.

చివరికి వాళ్ళకి నచ్చినట్టే ఫోటో తీయాల్సి వచ్చింది. గోడ బాగాలేదని వాళ్ళే అక్కణ్ణుంచి కదిలి, గల్లీ మొదట్లో కిరాణా కొట్టు నడిపే ఆవిడ (బస్తీ అంతా ఆవిణ్ణి కిరాణం వదిన అనేది) వాళ్ళాయన కొత్తగా తెచ్చిన ఆకాశం రంగు కారు ముందు నిలబడ్డారు. పాన్ అవ్వ బానెట్ మీద చెయ్యి వేసింది. ఒకావిడ తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది. నేను నొక్కాను.

ఆఫీసుకొచ్చి ఈ ఫోటో వాడొద్దు సార్, ఇంకోటి తీద్దామన్నాను. అదే సమయానికి కంపెనీ నుంచి ఫోనొచ్చింది, మీ పేజీ రేపు చూస్తామని. పోనీ వాక్యమైనా మారుద్దాం సార్ అన్నాను. టీసీ సార్ తల అడ్డంగా ఊపారు. “ఫ్లెక్సీ అచ్చయింది. ఒక్కపారి టికెట్ కొట్టినంక మార్చుడు లేదు.” ఆ విధంగా పట్టుచీరలు కట్టి, బంగారం పెట్టి, నల్లద్దాలతో కారుని ఆనుకుని దర్జాగా నిలబడ్డ అవ్వల ఫోటో కింద, ‘చీకటిలో మగ్గుతున్న ఈ నిరుపేద తల్లుల కన్నీరు తుడవండి’ అనే వాక్యంతో మా మొదటి ప్రచారం లోకం మీదికి బయల్దేరింది. నా చేత్తో నేనే పెట్టాను. పెట్టి, కళ్ళు మూసుకున్నాను.

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పని ఎంత జరిగేదో నాకు తెలీదు గానీ, నవ్వొచ్చే ఫోటో ఒకటి దొరికితే సాయంత్రానికి నగరంలోని మెయిల్ పెట్టెలన్నీ చుట్టి వచ్చేది. మాది మధ్యాహ్నానికే చుట్టేసింది. బృందం గోడ నిండిపోయింది. ‘ఈ తల్లుల దగ్గర నాకేమైనా అప్పు పుడుతుందా?’ అని ఒకడు. ‘మా అమ్మ ఆ ఆకుపచ్చ చీర ఏ షాపులో కొన్నారో కనుక్కోమంది’ అని ఇంకొకమ్మాయి. ‘కారు కొన్న తర్వాత కన్నీరు సహజం, నాకూ వస్తోంది, కంతులు కడుతున్నాను’ అని ఒక అనుభవజ్ఞుడు. ‘ముఠాలో ఖాళీలున్నాయా?’ అని అడిగినవాళ్ళకి లెక్కలేదు. వేలాదిమంది చేరిపోతుంటే నేను తల పట్టుకుని కూర్చున్నాను. టీసీ సార్ మాత్రం గదిలో పచార్లు చేస్తూ, “ఇంకా ఎక్కుతున్నరా? అబ్బ! టాప్ మీద సుత కూసున్నరు పో!” అని మురిసిపోయారు. ఇంటికెళితే మా అక్క ఎదురొచ్చింది. కాలనీలో ఎవరో చూపించారట. “ఏట్రా, ఆ ముసలమ్మ మెళ్ళో గొలుసు అంతుంది! నాకే లేదు అలాటిది. మనం ఆవిడికి చందాలివ్వడవేటి, ఆవిడే మనకివ్వాల” అంది. బావ పేపరు వెనకాల మొహం దాచుకుని చాలాసేపు భుజాలు ఊపారు.

రెండో రోజు ఫోనొచ్చింది. సేవా విభాగం పెద్దావిడ. (నా మనసులో ఆవిడ పేరు వ్యాన్ మేడమ్.) గొంతు చాలా మర్యాదగా ఉంది, అందుకే భయమేసింది. “మీ పేజ్ చూశానండీ. మీ బెనిఫిషియరీస్ దగ్గర నా దగ్గరున్న దానికంటే ఎక్కువ గోల్డ్ ఉన్నట్టుంది. నేను ఒకసారి వాళ్ళని డైరెక్ట్‌గా కలవాలి. జెన్యూన్ నీడ్ లేకపోతే వ్యాన్ ఇవ్వలేం కదా?” అన్నారు. శుక్రవారం వస్తామని చెప్పి పెట్టేశారు. నాకు సిమెంటు వాసన రావడం మొదలైంది.

శుక్రవారం లోపల నేను చేసిన ప్రచారం ముందు ఆన్‌లైన్ ప్రచారం ఎందుకూ పనికిరాదు. బస్తీలో ఇంటింటికీ తిరిగి, “దయచేసి ఎవరూ అవ్వలకి నగలు ఇవ్వకండి, చీరలు ఇవ్వకండి” అని చేతులు జోడించి వేడుకున్నాను. అప్పుడే తెలిసింది నాకు, ఆ ఫోటోలో అవ్వల సొంత సొత్తు ఆ నల్లద్దాలొక్కటేనని. రెండు పేటల గొలుసు కిరాణం వదినది. ఆకుపచ్చ చీర ఎదురింటి కోడలిది. గాజులు గల్లీ అంతటివి. గొలుసివ్వొద్దంటే కిరాణం వదిన ఇబ్బందిగా మొహం పెట్టింది. “ఎట్లియ్యను అంటనన్నా? నా పెండ్లిల తలంబ్రాలు కలిపింది పాన్ అవ్వ. నా ఇద్దరు పిల్లలకు నీళ్ళు వోసింది. అడిగితె లేదంటనా? గని గొలుసు పోయినంక తిరిగొచ్చెదంక నాకు బువ్వ దిగది, గది వేరే ముచ్చట.” మా అక్కనడిగి పాత చీరలు మూటకట్టి తీసుకెళ్ళి, శుక్రవారం ఇవి కట్టుకోమని అవ్వలకిచ్చాను. ఎంతో సంతోషంగా తీసుకున్నారు. పాన్ అవ్వ నా తల నిమిరింది. నాకు ధైర్యమొచ్చింది.

శుక్రవారం వ్యాన్ మేడమ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి, మా అక్క చీరలు నేల మీద పరిచి ఉన్నాయి. మేడమ్ కూర్చోవడానికట. అవ్వలు ఈసారి కాసులపేర్లు, వడ్డాణాలతో సహా నిలబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పెద్దమనిషొస్తోందంటే మాటలా? పక్క బస్తీ నుంచి కూడా తెప్పించారు. టీసీ సార్ జేబురుమాలు తీసి నుదురు, మెడ, చివరికి సంచీ కూడా తుడుచుకున్నారు. మేడమ్ అందరినీ ఒకసారి తేరిపార చూసి, పాన్ అవ్వ దగ్గర ఆగారు. “ఈ గొలుసు మీదేనా అమ్మా?”

నేను వెనకనుంచి తల అడ్డంగా ఊపాను. చేతులు ఊపాను. దండం పెట్టాను. కాదని ఒక్క మాటంటే చాలు, వ్యాన్ వస్తుంది, నేనుంటాను. పాన్ అవ్వ నన్ను చూసింది, నల్లద్దాలు సవరించుకుంది, మెడ ఎత్తింది. “నాదే బిడ్డా! మా అత్త వెట్టింది. సావంగ నా చేతులల్ల వెట్టి సచ్చింది” అంది. కొట్టు గుమ్మంలో నిలబడ్డ కిరాణం వదిన గుటక మింగింది గానీ, నలుగురిలో పెద్దావిడ పరువు తీయలేక ఊరుకుంది. నేను దగ్గరికెళ్ళి, నిజం చెప్పవ్వా అని చెవిలో గొణిగితే, “ఛుప్! ఇంటికొచ్చిన మనిషి ముంగట ఇజ్జత్ తీస్కుంటమా?” అని నన్నే కసిరింది.

“సరేనండీ, చూశాను. వెళ్ళొస్తాను” అన్నారు మేడమ్, టీసీ సార్ వైపు తిరిగి. ఆవిడ కోప్పడలేదు. టీసీ సార్ కారుకి దారి వదిలి పక్కకి జరిగారు. అంత పెద్దమనిషి అలా చేతులు వేలాడేసి నిలబడటం చూస్తే నాకు నా ఉద్యోగం సంగతి కూడా కాసేపు గుర్తు రాలేదు. ఆ గుంతల ఆటోనే ఇంక ఆయన బతుకంతా అనుకున్నాను.

“పోతె పోదువు గని, ఒక్క ఫోటో దిగి పో బిడ్డా. గంత దూరం నుంచి వస్తివి” అంది పాన్ అవ్వ. కాదంటే బాగుండదని మేడమ్ అవ్వల మధ్య నిలబడ్డారు. పాన్ అవ్వ ఆవిణ్ణి కిందినుంచి పైదాకా చూసి, బుగ్గ నొక్కుకుంది. “అయ్యో, ఏందిది? ఉద్యోగం జేస్తవు, కార్ల తిరుగుతవు, గీ బోసి మెడతోని ఫోటో దిగుతవా? మీ ఇంటోళ్ళు జూస్తే ఏమనుకుంటరు?” అంటూ తన మెళ్ళో గొలుసు తీసి ఆవిడ మెళ్ళో వేసేసింది. బొట్టు సరిచేసింది. నేను ఏడవలేక ఒక ఫోటో తీశాను. మేడమ్ థాంక్స్ చెప్పి, ఆలోచనలో ఉండి గొలుసు సంగతి మరిచి, నడుచుకుంటూ వెళ్ళి కారు తలుపు తీశారు.

“అవ్వో! నా గొలుసు కారెక్కుతుందో!”

కిరాణం వదిన పెట్టిన ఆ కేక పట్టాల అవతల కూడా వినబడి ఉంటుంది. గుమ్మం దాటి, బియ్యం బస్తా దాటి, ఒక్క పరుగున వచ్చి కారు తలుపు పట్టుకుంది. గల్లీలో గగ్గోలు పుట్టింది. వస్తువులన్నీ పట్టుకెళ్ళిపోతున్నారనుకున్నారో ఏమో, ప్రతి ఇంట్లోంచీ ఒకరు పరుగెత్తుకొచ్చారు. “నా వడ్డాణం!” “అవ్వా, నా చీర జెర పైలం!” “గా గాజులు మా వదినెవి, నాయి కావు, ముందుగాల అవి తియ్!” కళ్ళు మూసి తెరిచేలోగా అవ్వల ఒంటి మీద నగ అన్నది మిగల్లేదు. ఒకావిడ పట్టుచీర కొంగు ఎవరో లాగుతుంటే ఆవిడ స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడింది. ఈ గందరగోళంలో టీసీ సార్ పాత అలవాటు కొద్దీ, “లైన్ల నిలబడుండ్రి! ఒక్కొక్కలు! ఎవ్వల సామాను వాళ్ళు సూస్కోండ్రి!” అని అరుస్తూ అటూ ఇటూ పరుగెట్టారు. మేడమ్ మెళ్ళో గొలుసుని చేత్తో పట్టుకుని కారు పక్కన అలాగే నిలబడిపోయారు.

గోల సద్దుమణిగాక అవ్వలు బోసి మెడలతో, నల్లద్దాలతో వరసగా మిగిలారు. ఎవరూ తలెత్తలేదు. మేడమ్ నెమ్మదిగా వెనక్కొచ్చి, “ఎందుకమ్మా ఇదంతా? మీరు మామూలుగా ఉంటేనే కదా మేం సాయం చేసేది?” అని అడిగారు.

పాన్ అవ్వ అద్దాల కింద నుంచి కొంగుతో బుగ్గలు తుడుచుకుంది. (టీసీ సార్ చెయ్యి చుక్కల మందు వైపు పోయింది.) “ఎన్నేండ్లయిందో బిడ్డా, అద్దంల నా మొఖం నాకే సక్కగ అవుపడక. గీ సారు ఆపరేషన్ జేపిస్తే అవుపడ్డది. ఫోటో తీస్తమంటే నన్ను నేను జూస్కుంట అనుకున్న. గిన్నేండ్లకు సూస్కునే దినం, గా చింకిచీరెలనే సూస్కోవాల్నా?”

నేను ఫోటోల గురించి అంత చదివానా, ఆ ఫోటో చందాలిచ్చేవాళ్ళు చూడటానికి అనుకున్నానే తప్ప, అందులో ఉన్నవాళ్ళు కూడా చూసుకుంటారని నాకు ఎప్పుడూ తట్టలేదు. సిగ్గేసింది. మేడమ్ తన మెళ్ళో గొలుసు తీశారు. కిరాణం వదిన రెండు చేతులూ చాచింది. మేడమ్ ఆ చేతుల్ని దాటి వెళ్ళి, గొలుసు పాన్ అవ్వ మెళ్ళోనే వేసి, “అందరూ మళ్ళీ పెట్టుకోండి. ఇందాకటి ఫోటోలో నేను కళ్ళు మూసుకున్నాను, ఇంకోటి తీయండి” అన్నారు. కిరాణం వదిన గుండె పట్టుకుని మెట్టు మీద కూలబడింది. ఈసారి ఎవర్నీ బాధపడమనకుండా నొక్కాను.

వ్యాన్ వచ్చింది. దాని పక్కన ఆ ఫోటోనే పెద్దగా వేయించారు: పట్టుచీరలు, నగలు, నల్లద్దాలు, మధ్యలో నవ్వుతున్న మేడమ్. పాత వాక్యం తీసేయించడానికి టీసీ సార్ కూడా ఒప్పుకున్నారు. ఒకే ఒక్క చిక్కు వచ్చి పడింది. అటువంటి ఫోటో ఉన్న బండిలో మామూలు చీరతో ఎక్కడానికి ఏ అవ్వా ఒప్పుకునేది కాదు. ఆపరేషన్‌కి వెళ్ళాలన్నా ముందు బస్తీ అంతా తిరిగి అరువు తెచ్చుకోవాలి, సింగారించుకోవాలి. ఆసుపత్రిలో నర్సులు ఆ నగలన్నీ తీయించి టీసీ సార్ చేతికిచ్చేవారు. ఆయన వాటిని ఒళ్ళో పెట్టుకుని, పక్కవాడు దగ్గినా ఉలిక్కిపడుతూ, ఆపరేషన్ అయ్యేదాకా బల్ల మీద బిగుసుకుని కూర్చునేవారు.

ఇన్నేళ్ళ తర్వాత సేవా సంస్థలకి ప్రచారం ఎలా చేసుకోవాలో చెప్పడమే నా వృత్తి. పెద్ద పెద్ద గదుల్లో, చల్లటి గాలిలో నిలబడి, ‘మనుషుల్ని ఉన్నవాళ్ళు ఉన్నట్టు చూపించండి’ అని చెబుతుంటాను. అందరూ రాసుకుంటారు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. “సార్, మన వెబ్‌సైట్‌లో మీ ఫోటో మరీ పాతదైపోయింది. కొత్తది తీస్తాను. పోజు వద్దు సార్, అలాగే పనిచేస్తూ ఉండండి, నేచురల్‌గా” అంది. చత్వారపు అద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. చొక్కా మీద టీ మరక ఉంది. జుట్టు సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. పిల్ల అప్పటికే ఫోన్ ఎత్తింది.

“ఒక్క అయిదు నిమిషాలు ఆగమ్మా” అని చెప్పి, పక్క సీటులో ఉన్న కుర్రాడి కోటు అడిగి తీసుకుని, అద్దం ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్ళాను.